లాంబ్టన్ గొలుసు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో చెన్నై సెయింట్ థామస్ మౌంట్ మీదున్న విలియం లాంబ్టన్ విగ్రహం ఫోటో వేశాం. దేశాన్ని త్రికోణాలతో (ఒక గీతను నేల మీద కొలిచి, మిగతా దూరాలను కోణాలు చూసి లెక్కతో రాబట్టి) కొలిచే పని 1802లో ఆ కొండ కిందే మొదలైందని కింద నాలుగు వాక్యాలు రాశాం. ఆ నాలుగింటి మీదా ఉత్తరాలొచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి, సర్వే పని తెలిసినవాళ్ళ చేత జవాబులు రాయించాం.

ఆయన్ని అన్వేషకుడు అన్నారు. కొత్త నదినీ కనిపెట్టలేదు, కొత్త కొండనీ చూడలేదు. ఉన్న ఊళ్ళ మధ్య దూరం కొలిచిన మనిషి అన్వేషకుడు ఎలా అవుతాడు?
*ఒక పాఠకుడు, వేళచ్చేరి*

మీ అభ్యంతరం సబబే. అడవిలో దారి తప్పి, ఏదో జలపాతం దగ్గర తేలే రకం కాదాయన. కానీ 1800 నాటి మ్యాపుల్లో మద్రాసు నుంచి పడమటి తీరంలో మంగళూరు దాకా 400 మైళ్ళని ఉండేది. లాంబ్టన్ త్రికోణాలు కట్టుకుంటూ వెళ్ళి చూస్తే 360 మైళ్ళే తేలింది. నలభై మైళ్ళ నేల కాగితం మీద ఉంది గానీ కాళ్ళ కింద లేదు. ఇది కూడా కనుక్కోవడమే కదా. పైగా ఆయన అసలు వెతికింది ఊళ్ళ దూరాలు కాదు. భూమి ఎంత గుండ్రంగా ఉంది, ఎక్కడ నొక్కుకుపోయింది అన్నది ఆయన ప్రశ్న. మైసూరు రాజ్యానికి మంచి మ్యాపు కావాలన్న ఈస్టిండియా కంపెనీ అవసరంలో తన ప్రశ్నను దూర్చి డబ్బు మంజూరు చేయించుకున్నాడు.

ఆయన జీవితం క్లుప్తంగా ఇదీ. 1750లలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో పుట్టాడు. లెక్కలు బాగా వచ్చినందువల్ల పైకి వచ్చాడు. 1781లో సైన్యంలో చేరాడు. అమెరికా యుద్ధంలో యార్క్‌టౌన్ దగ్గర పట్టుబడ్డాడు. తర్వాత కెనడాలో సరిహద్దు సర్వేలు, సైనిక బారకుల పర్యవేక్షణ చేసుకుంటూ చాలా ఏళ్ళు గడిపాడు. అక్కడే సూర్యగ్రహణాన్ని సరైన అద్దం లేకుండా చూసి ఎడమ కన్ను పాడుచేసుకున్నాడు. తర్వాత ఇరవై ఏళ్ళు దుర్భిణిలో నక్షత్రాలను చూసి చేసిన పనంతా ఒంటి కన్ను మీదే.

ఇండియాకు 1796లో వచ్చాడు. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఒక రాత్రి జనరల్ బెయర్డ్ దళం కదులుతోంది. లాంబ్టన్ ఆకాశంలో సప్తర్షి మండలం చూసి, మనం ఉత్తరానికి కాదు, దక్షిణానికి పోతున్నాం, నేరుగా టిప్పు శిబిరం మీదికి అన్నాడు. దారి నాకు తెలుసని జనరల్ కసిరాడు. కాసేపటికి శత్రువుల కావలి దండు ఎదురైంది. దీపం వెలిగించి దిక్సూచి చూస్తే లాంబ్టన్ చెప్పిందే నిజం. ఆ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే తన సర్వే ప్రణాళిక కాగితం మీద పెట్టాడు.

నూరడుగుల గొలుసుతో ఏడున్నర మైళ్ళు కొలిచారట. మా ఇంటి స్థలం టేపుతో రెండుసార్లు కొలిస్తే రెండు రకాలుగా వస్తోంది. అప్పట్లో అదెలా కుదిరింది?
*ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు*

మీ టేపు ఎందుకు తప్పుతోందో, ఆయన గొలుసు ఎందుకు తప్పలేదో రెండిటికీ కారణాలు అవే. అందుకే ఈ జవాబు పొడుగు.

ముందు గొలుసు. లండన్‌లో రామ్స్‌డెన్ చేసిన ఉక్కు గొలుసు అది. రెండున్నర అడుగుల కడ్డీలు నలభై, కీళ్ళతో కలిపినవి. చైనా చక్రవర్తికి కానుకగా బ్రిటిష్ రాయబారులు మోసుకెళ్ళిన సామాన్లలోది. అక్కడ దాన్ని పట్టించుకోలేదు. చివరికి కలకత్తాలో అమ్మకానికి వస్తే లాంబ్టన్ చేతికి చేరింది. దానితో 1800లో బెంగళూరు దగ్గర ఒక కొలత చేసి చూశాడు. పరికరాలు మెరుగయ్యాక 1802 ఏప్రిల్ 10న మద్రాసులో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఉత్తరపు కొస సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, దక్షిణపు కొస పెరుంబాక్కం గుట్ట వైపు. ఈ మొదటి గీతనే బేస్‌లైన్ అంటారు. పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు, అంటే గొలుసును దాదాపు 396 సార్లు పరవాలి.

పరవడమంటే నేల మీద లాగడం కాదు. గొలుసు పొడవునా చెక్క తొట్లను ముక్కాలి పీటల మీద వరసగా పేర్చాలి. పీటల మరలు తిప్పుతూ తొట్లన్నీ ఒకే వాలులోకి తేవాలి. తొట్లలో గొలుసును పడుకోబెట్టాలి. ఒక కొస గట్టి గుంజకు బిగించి, రెండో కొసకు ప్రతిసారీ అదే బరువు వేలాడదీయాలి. ఇక్కడే మీ టేపు మొదటి తప్పు చేస్తుంది. ఒకసారి మీరు లాగుతారు, ఇంకోసారి మీ అబ్బాయి లాగుతాడు. బిగువు మారితే మధ్యలో టేపు జారే వంపు మారుతుంది, కొలతా మారుతుంది. చేతి బలాన్ని నమ్మకుండా బరువును నమ్మడం అందుకే.

తర్వాత కొస గుర్తు. గొలుసు ఎక్కడ ముగిసిందో గీసుకునే ఇత్తడి స్కేలు వేరే గుంజ మీద ఉంటుంది. ఆ గుంజ తొట్లకు గానీ, బరువు మోసే గుంజకు గానీ తగలకూడదు. తగిలిందా, తొట్లు తీసి ముందుకు జరిపేటప్పుడు గుర్తు కూడా కదులుతుంది. ఎవరికీ తెలియదు, మిగతా కొలతంతా ఆ కదిలిన గుర్తు మీదే నడుస్తుంది.

అసలు శత్రువు ఎండ. ఉక్కు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే నూరడుగులకు 0.35 మిల్లీమీటర్లు సాగుతుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు తేడా వచ్చి, దాన్ని లెక్కలో తీసుకోలేదనుకోండి. ఒక్కో పరుపుకి (గొలుసును ఒకసారి పరిస్తే) మూడున్నర మిల్లీమీటర్లు, 396 పరుపులకి 1.4 మీటర్లు. అందుకే తొట్లలో గొలుసు పక్కన థర్మామీటర్లు పెట్టి, ప్రతి పరుపుకీ అంకె రాసుకుని, మొత్తాన్ని ఒకే ఉష్ణోగ్రతకు మార్చి లెక్క కట్టారు. గొలుసు మీద ఎండ పడకుండా నీడ కట్టాలి. ఎంత చేసినా ఒక లొసుగు మిగులుతుంది. థర్మామీటరు చెప్పేది తన వేడి, ఉక్కుది కాదు. సన్నని గాజు గొట్టం త్వరగా వేడెక్కుతుంది, లావు కడ్డీ నిదానంగా. ఈ తలనొప్పి పడలేకే, లాంబ్టన్ తర్వాత సర్వే నడిపిన జార్జ్ ఎవరెస్టు 1830ల్లో గొలుసు మానేసి, ఇత్తడి, ఇనుము జంట కడ్డీలు తెచ్చాడు. రెండు లోహాలు వేర్వేరుగా సాగుతాయి కాబట్టి, వాటిని కలిపే ఉక్కు నాలుక మీది చుక్క మాత్రం కదలకుండా ఉండేలా ఆ కడ్డీలను అమర్చారు.

వాలు లెక్క తేలికే. నూరడుగులకు రెండడుగులు ఎత్తు పెరిగితే, అసలు అడ్డదూరం నూరు కంటే పావు అంగుళం తక్కువ. ఎత్తును వర్గం చేసి, గొలుసు పొడవుకు రెట్టింపుతో భాగిస్తే చాలు. మీ స్థలంలో ఒక పక్క మెరక ఉంటే ఇది చేసి చూడండి.

ఇక అరుగుదల. నలభై కీళ్ళు ఒక్కోటీ వెంట్రుక మందం అరిగితే గొలుసు పదో వంతు అంగుళం పెరుగుతుంది. ఏడున్నర మైళ్ళకు అది మీటరు తేడా. చాలామంది ఇక్కడ తికమకపడతారు. గొలుసు పొడుగైతే కొలత ఎక్కువ రాదు, తక్కువ వస్తుంది, ఎందుకంటే తక్కువ పరుపులతోనే దూరం అయిపోతుంది. దీనికి విరుగుడు రెండో గొలుసు. దాన్ని పనిలో వాడకుండా పెట్టెలో దాచి, కొలతకు ముందూ వెనకా మొదటి దానితో పోల్చి చూసేవాళ్ళు.

చివరి దిద్దుబాటు సముద్రమట్టానికి. మద్రాసులో అది నామమాత్రం. మీ బెంగళూరు సముద్రానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ పన్నెండు కిలోమీటర్ల బేస్‌లైన్‌లో దాదాపు 1.7 మీటర్లు తగ్గించాలి. ఎత్తుకు పోయినకొద్దీ భూమి కేంద్రం నుంచి గీతలు విడిపోతాయి కదా, అందుకు.

ఇదంతా నిలబడిందా అంటే, నిలబడింది. మద్రాసు నుంచి త్రికోణాల మీదుగా బెంగళూరు దాకా వచ్చి, 1804లో అక్కడొక బేస్‌లైన్‌ను గొలుసుతో నేరుగా కొలిచారు. లెక్క చెప్పిన పొడవుకూ, గొలుసు చెప్పినదానికీ తేడా నాలుగు అంగుళాల లోపే.

మరి మద్రాసే ఎందుకు?
*ఒక పాఠకుడు, పెరంబూరు*

చదునైన నేల, రెండు కొసల్లోనూ ఎత్తుగా నిలబడి చూడటానికి గుట్టలు, పక్కనే సముద్రం. నుంగంబాక్కంలో 1792 నాటి అబ్జర్వేటరీ ఉండటం ఇంకో వసతి. అక్కడి రేఖాంశానికి తన గీతల్ని తగిలించుకోవచ్చు. ఆ అబ్జర్వేటరీ రాతి స్తంభం ఇప్పటికీ అక్కడి వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. సర్వే నేర్పే బడి కూడా దానికి అనుబంధంగానే నడిచింది. లాంబ్టన్‌తో చివరిదాకా ఉన్న సహాయకుడు జాషువా డి పెనింగ్ ఆ బడిలో తయారైనవాడే. ఆఫీసర్ల పేర్లే పుస్తకాల్లో కనపడతాయి గానీ, కోణాలు రాసిందీ, లెక్కలు కట్టిందీ చాలావరకు ఇలాంటివాళ్ళే.

తంజావూరులో ఆయన యంత్రం గుడి మీంచి పడిపోయిందని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా? పడ్డాక కూడా వాడారా?
*ఒక పాఠకురాలు, అన్నానగర్*

మీ తాతగారు చెప్పింది నిజమే, 1808లో జరిగింది. కాకపోతే కింద పడలేదు, గోడకు కొట్టుకుంది.

యంత్రం పేరు థియోడొలైట్, కోణాలు కొలిచేది. లండన్‌లో కేరీ చేశాడు. బరువు సుమారు అర టన్ను, అడ్డచక్రం వ్యాసం 36 అంగుళాలు. ఇండియాకు వస్తుంటే దారిలో ఓడ ఫ్రెంచివాళ్ళకు చిక్కి, యంత్రం మారిషస్ చేరింది. శాస్త్రపరికరం అని తెలిశాక అక్కడి గవర్నర్ మర్యాదగా మద్రాసు పంపించాడు. యుద్ధం నడుస్తున్న కాలంలో!

కావేరి డెల్టాలో కొండలు లేవు. కొబ్బరిచెట్ల పైనుంచి దూరం చూడాలంటే గుళ్ళే దిక్కు. తాళ్ళతో యంత్రాన్ని పైకి లాగుతుండగా, అది గోడకు తగలకుండా పక్కకు పట్టి ఉంచే తాడు తెగింది. యంత్రం ఊగి గోడకు గుద్దుకుంది, చక్రం వంకర పోయింది.

ఆ వంకర ఎంత ప్రమాదమో చూడండి. ఆ చక్రం అంచు మీద ఒక సెకను కోణం అంటే మిల్లీమీటరులో సుమారు 450వ వంతు, కంటికి ఆనదు. అందుకే సూక్ష్మదర్శినితో చదువుతారు. అంచు ఒకచోట పదో వంతు మిల్లీమీటరు పక్కకు జరిగితే కోణంలో 45 సెకన్లు తప్పు. యాభై కిలోమీటర్ల అవతల ఉన్న కొండ దాదాపు 11 మీటర్లు పక్కకు జరిగినట్టే.

కొత్త యంత్రం ఇంగ్లండు నుంచి రావాలంటే ఏళ్ళు పడుతుంది. లాంబ్టన్ తానే మరమ్మతుకు కూర్చున్నాడు. పెద్ద చదును పలక మీద చక్రం అసలు కొలతకు వృత్తం గీశాడు. వంకరపోయిన చక్రాన్ని దాని మీద పెట్టి మేకులు, మరలు, కప్పీలతో కొంచెం కొంచెంగా బయటికి లాగుతూ గీతకు తెచ్చాడు. వంగిన చక్రపు ఆకుల్ని (చువ్వల్ని) చెక్క సుత్తితో కొట్టి సరిచేశాడు. ఆరు వారాలు పట్టింది. ఇనుప సుత్తి వాడకపోవడం గమనించండి. మెత్తని లోహం మీద ఇనుము పడితే సొట్ట పోతుంది గానీ పక్కన ఇంకో సొట్ట పడుతుంది.

అయినా చక్రం మునుపటంత గుండ్రంగా రాదు. మిగిలిన తప్పును పనిలోనే సర్దుకోవాలి. ఎదురెదురుగా ఉన్న రెండు సూక్ష్మదర్శినులతో చదివి సగటు తీస్తే, చక్రం కేంద్రం పక్కకు జరిగిన తప్పు కొట్టుకుపోతుంది. ప్రతి కోణాన్నీ చక్రాన్ని తిప్పి తిప్పి వేర్వేరు గీతల దగ్గర మొదలుపెట్టి చదివితే, ఒకచోటి సొట్ట అన్నిటిలో పంచుకుని పలచబడుతుంది. ఆ యంత్రంతోనే సర్వే ఇంకా చాలా ఏళ్ళు నడిచింది.

మా పాప స్కూల్ ప్రాజెక్టు: దగ్గరికి వెళ్ళకుండా దూరం కొలవడం. మెరీనాలో నిలబడి లైట్‌హౌస్ దూరం కోణమానినితో కొలిస్తే ప్రతిసారీ పది పదిహేను మీటర్లు మారుతోంది. తప్పెక్కడ?
*ఒక పాఠకుడు, ట్రిప్లికేన్*

మీరు బేస్‌లైన్ ఎంత తీసుకున్నారో రాయలేదు. అంత మారుతోందంటే బాగా పొట్టిదై ఉండాలి.

యాభై మీటర్లు తీసుకున్నారనుకుందాం. ఒక కొసలో కోణం 80, రెండో కొసలో 85 డిగ్రీలు. అంటే లైట్‌హౌస్ దగ్గర మిగిలేది 15. దూరం 192 మీటర్లు వస్తుంది. రెండో కోణాన్ని 85 బదులు 86 చదివారనుకోండి, 206 వస్తుంది. ఒక్క డిగ్రీకి పద్నాలుగు మీటర్లు. అదే 150 మీటర్ల బేస్‌లైన్ తీసుకుని, కోణాలు అరవై చుట్టూ వచ్చేలా నిలబడితే, ఒక డిగ్రీ తప్పుకి దూరం మూడు మీటర్లే మారుతుంది. సన్నని త్రికోణాన్ని ఏ సర్వేయరూ నమ్మడు. లాంబ్టన్ కొండలు ఎంచుకునేటప్పుడు మూడు వైపులా కోణాలు దగ్గరదగ్గరగా ఉండేట్టు చూసుకునేది ఇందుకే. ఎక్కడం తేలికైన కొండ దొరికినా, త్రికోణం సన్నమైతే వదిలేయాలి.

ఇంకో మూడు మాటలు చెప్పండి పాపకు. కోణమానినిని చేత్తో పట్టుకుని చూడకుండా, ఒక అట్ట మీద అతికించి, స్టూలు మీద పెట్టి, మధ్యలో గుండుసూదులు గుచ్చి వాటి గుండా గురి చూడమనండి. స్టూలు మట్టంగా ఉందో లేదో మేస్త్రీ దగ్గరి రసమట్టంతో చూడండి. మధ్యాహ్నం వద్దు. ఇసుక వేడికి గాలి అలలాడి గురి కదులుతుంది. లాంబ్టన్ పగటిపూట జెండాలు గురి చూసి ఇదే బాధ పడ్డాడు. వర్షం కడిగిన గాలిలోనే దూరం తేటగా కనిపిస్తుందని వానాకాలంలో పని పెట్టుకునేవాడు. దాని ఫలితం కింది జవాబులో ఉంది.

వీలైతే మూడో కోణం కూడా కొలవాలి. మూడూ కలిపి 180 రావాలి, ఎంత రాకపోతే మీ చేతి తప్పు అంత. లాంబ్టన్ త్రికోణాలకు మాత్రం 180 కంటే కాస్త ఎక్కువే రావాలి. భూమి గుండ్రం కాబట్టి ప్రతి 197 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను అదనం. పాపకు ఇది చెబితే టీచరుకు కూడా పనికొస్తుంది.

తెలుగు నేల మీద ఈ సర్వే జాడలేమిటి? కావలి బొర్రయ్య లాంబ్టన్ దగ్గరే పనిచేశాడా?
*ఒక పాఠకుడు, కొరట్టూరు*

కాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పనిచేసింది కాలిన్ మెకంజీ దగ్గర. మెకంజీదీ మైసూరు సర్వేనే, అదే కాలం. కానీ ఆయనది ఊరూరా తిరిగి పొలం, చెరువు, శాసనం, కైఫీయత్తు (ఊరి చరిత్ర) రాయించే సర్వే. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు, పని తమ్ముళ్ళు కొనసాగించారు. ఆ సేకరణలో పెద్ద భాగం చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది.

లాంబ్టన్ తెలుగు నేల మీద గుత్తిలో 1811లో బేస్‌లైన్ కొలిచాడు. కన్యాకుమారి నుంచి 78వ రేఖాంశం పక్కగా పైకి పాకిన పెద్ద గీత మీద అదొక మజిలీ. 1815లో బీదరు దగ్గర ఇంకొకటి. 1818లో సర్వే మద్రాసు చేతిలోంచి కలకత్తా ప్రభుత్వం కిందికి వెళ్ళింది, గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అన్న పేరు అప్పుడే పెట్టారు. ఆ ఏడే జార్జ్ ఎవరెస్టు సహాయకుడిగా చేరాడు. ఆయన్ని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపితే, వానాకాలంలో ఎల్లాపురం వైపు బృందమంతా జ్వరాన పడింది. కొందరు చనిపోయారు. మిగిలినవాళ్ళను హైదరాబాదుకు మోసుకు రావాల్సి వచ్చింది. తేటగాలి కోసం వానల్లో పని పెట్టుకుంటే దోమలూ అప్పుడే. తర్వాత ఎవరెస్టు ఎండాకాలం రాత్రుళ్ళు దీపాలు గురి చూసే పద్ధతికి మారాడు.

బెంగళూరు మేఖ్రీ సర్కిల్ దగ్గరి సర్వే కట్టడం లాంబ్టన్‌దేనా?
*ఒక పాఠకుడు, హెబ్బాళ*

కాదండీ. అది 1868లో మళ్ళీ కొలిచిన బేస్‌లైన్‌కి ఒక కొస.

ఎవరెస్టు శిఖరం ఎత్తు లాంబ్టనే కొలిచాడంటారు, ఆయన సమాధి ఎక్కడుంది?
*ఒక పాఠకురాలు, మైలాపూరు*

శిఖరం లెక్క 1852 నాటిది, రాధానాథ్ సిక్దార్ కట్టింది, 29,002 అడుగులు. లాంబ్టన్ అప్పటికి పోయి ఇరవై తొమ్మిదేళ్ళు. హిమాలయాన్ని చూడనేలేదు. హైదరాబాదు నుంచి నాగపూరుకు సర్వే మకాం మారుస్తూ, 1823 జనవరి 20న దారిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. సమాధి అక్కడే. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే రైళ్ళు బల్లార్షా దాటాక, సేవాగ్రాం రాకముందు ఆ స్టేషను మీదుగానే పోతాయి. అన్నీ ఆగవు, దిగాలనుకుంటే టైంటేబుల్ ముందే చూసుకోండి.